అరకు దారిలో ఎర్ర సిలిండర్

వైజాగ్ నుంచి అరకు వెళ్లాలంటే అందరికీ రెండు దారులు. ఒకటి కొండల మధ్య సొరంగాల్లోంచి వెళ్లే రైలు, రెండోది ఘాట్ రోడ్డు. మా ఇంట్లో మాత్రం మూడో దారి ఒకటుంది. దాని పేరు తాతయ్య అంబాసిడర్.

1988 మోడల్, మార్క్ 4, పెట్రోలు బండి. స్టీరింగ్ పక్కనే గేరు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, నాకు తెలిసినప్పటి నుంచీ పాలమీగడ రంగే. తాతయ్య కొత్తవలస–కిరండూల్ రైల్వే లైన్‌లో పనిచేసి రిటైరయ్యారు. అరకు ఆయనకి ఊరు కాదు, ఉద్యోగం. అయినా సెలవులకి కూడా అక్కడికే తీసుకెళ్లేవారని అమ్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన పోయి మూడేళ్లయింది. మొన్న డిసెంబర్‌లో అమ్మమ్మ ఉన్నట్టుండి, "వలిసె పూలు ఒక్కసారి చూడాలిరా, ఆ కార్లోనే" అంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. కాదని ఎవరంటారు?

మావయ్య డ్రైవింగ్, నేను పక్కన, అమ్మమ్మ వెనక సీట్లో కాళ్లు చాపుకొని. తెల్లవారుజామున బయల్దేరాం. పెందుర్తి దాటేలోపే నాకు విసుగొచ్చింది. నా సీటు కింద ఉన్న చిన్న ఎర్ర ఫైర్ సిలిండర్, బ్రేకు వేసినప్పుడల్లా దొర్లుకుంటూ వచ్చి మడమకి తగులుతోంది. బిగించే క్లాంప్ ఎప్పుడో విరిగిపోయింది. టీ కోసం ఆగినప్పుడు తీసుకెళ్లి డిక్కీలో పడేశా. దాని మీద దుప్పట్లు, మడత కుర్చీ, అమ్మమ్మ సంచీ. మావయ్య చూశాడు, ఏమీ అనలేదు.

ఎస్.కోటలో ఇడ్లీ తిన్నాం. అక్కడి నుంచి దారి మారిపోతుంది. పొలాలు అయిపోయి, కొండ ఎదురొస్తుంది. చలికాలం పొద్దున ఆ మలుపుల్లో పొగమంచు ఎలా ఉంటుందో రీల్స్‌లో చూసే ఉంటారు. రీల్స్‌లో రానిది వాసన: తడి మట్టి, కాలిన ఆకులు, రోడ్డు పక్కన నిప్పుల మీద కాలుతున్న వెదురు బొంగులు. ఇంకా పైకి వెళ్తే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. అమ్మమ్మ ప్రతి మలుపుకీ ఒక కథ చెబుతోంది. ఫలానా చోట తాతయ్య బండి ఆపి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసేవారట. ఘాట్‌లో సెకండ్ గేరులో ఎక్కుతుంటే ఇంజన్ కాగిపోతుంది, ముందు నుంచి గాలి సరిగ్గా తగలదు, పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది, బండి మొరాయిస్తుంది. అప్పటి డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం తడిగుడ్డే. నాకు భలే నచ్చింది, ఫోన్‌లో రికార్డు చేశాను కూడా.

ఆ రికార్డింగ్ ఇప్పటికీ నా దగ్గరుంది. తడిగుడ్డ కథ మధ్యలో అమ్మమ్మ ఆగి, "పెట్రోలు వాసనొస్తోందిరా" అంటుంది. మావయ్య గొంతు: "పాత బండి కదమ్మా, అంతే." మళ్లీ కథ మొదలవుతుంది.

టైడా దాటాక ఒక పెద్ద మలుపులో బానెట్ అంచుల నుంచి పొగ వచ్చింది. ముందు ఆవిరి అనుకున్నాం. ఆవిరైతే తెల్లగా ఉండి కరిగిపోతుంది. ఇది బూడిద రంగులో ఉంది, రబ్బరు కాలిన కంపు. మావయ్య బండిని కొండ వైపుకి తీసి, ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు లాగాడు. నేను దూకి టైరు వెనక రాయి పెట్టాను. అప్పుడు గ్రిల్లు సందుల్లోంచి నారింజ రంగు కనిపించింది.

అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఆ కారు వెనక ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. చాలా ఏళ్లుగా అంతే. ఇంట్లో అందరం దాని మీద జోకులు వేసుకునేవాళ్లం. ఆమె లోపల హ్యాండిల్ పట్టుకుని లాగుతోంది, నేను బయట నుంచి లాగుతున్నాను, ఇద్దరం ఒకేసారి లాగుతుంటే అది ఇరుక్కుపోతోంది. "అమ్మమ్మా, వదిలెయ్, నువ్వు వదిలెయ్!" అని అరిచాను. ఆమెని నేను అలా ఎప్పుడూ అరవలేదు. తలుపు వచ్చింది. రెండు చేతులతో ఎత్తినట్టే దింపి, ఇరవై అడుగులు వెనక్కి నడిపించి, పిట్టగోడ మీద కూర్చోబెట్టాను. ఒక చెప్పు కార్లోనే ఉండిపోయింది.

వెనక్కి తిరిగేసరికి మావయ్య బానెట్ ఎత్తబోతున్నాడు.

"ఎత్తకండి! సార్, ఎత్తకండి!"

పైనుంచి దిగుతున్న ఆర్టీసీ బస్సు. డ్రైవరు బస్సు ఆపి అప్పటికే దిగిపోయాడు, చేతిలో ఎర్ర సిలిండర్. వెనకే ఎవరో నీళ్ల సీసాతో పరిగెత్తుకొస్తుంటే, "నీల్లొద్దు బాబూ, పెట్రోలు నీల్ల మీద తేలి ఇంకా పారతాది" అన్నాడు. మావయ్య చెయ్యి పక్కకి తోశాడు. బానెట్‌ని పూర్తిగా ఎత్తలేదు. అది కొంచెం లేచి క్యాచ్ దగ్గర ఆగుతుంది కదా, ఆ సందు చాలన్నాడు. గాలి మన వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, పిన్ను పీకి, ఆ సందులోంచి మంట మొదటికి గురిపెట్టి అటూ ఇటూ ఊపుతూ కొట్టాడు. తెల్లటి పొడి. చిన్న సిలిండర్, పది సెకన్లకి మించి రాదు. ఆ పది సెకన్లూ అతను ఒక్కటి కూడా వృథా చేయలేదు. మనమైతే పైకి కనిపించే మంట కొసల మీద కొట్టి అంతా ఊదేసేవాళ్లం.

పొగ తగ్గింది. "అరగంట దాకా ముట్టుకోకండి. లోపల వేడి చల్లారకపోతే మళ్లీ అంటుకుంటాది" అన్నాడు. మావయ్య వణుకుతున్న చేతులతో పర్సు తీశాడు. అతను తీసుకోలేదు. ఖాళీ సిలిండర్‌ని చూసుకుంటూ, "డిపోలో రాయించుకుంటాన్లెండి. మీరొకటి కొనుక్కోండి బాబూ, పాత బండి గదా" అని ఎక్కి వెళ్లిపోయాడు.

మా డిక్కీలో ఒకటి ఉందని నేను చెప్పలేదు. మావయ్యా చెప్పలేదు.

అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. ఉండి 101కో 112కో కొట్టినా ఘాట్ మధ్యలోకి ఫైరింజన్ వచ్చేసరికి మిగిలేది ఇనుమే. ఒక బైకు కుర్రాడు ఎస్.కోట వెళ్లి మెకానిక్‌ని పంపించాడు. ముందుగా అతను బ్యాటరీ వైరు తీశాడు. తర్వాత వేలు పెట్టి చూపించాడు. ఆ పాఠం కోసమే ఇదంతా రాస్తున్నా.

ఈ ఇంజన్‌లో కార్బురేటర్, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఒకే వైపు ఉంటాయి. పైన పెట్రోలు, కింద కాగిన ఇనుము. పంపు నుంచి కార్బురేటర్‌కి వెళ్లే రబ్బరు పైపు బీటలిచ్చి, ఫిల్టర్ దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. కొత్త బండి ఘాట్ ఎక్కినా ఇనుము అంతే కాగుతుంది. కానీ దాని మీద చుక్క పడదు, అదే తేడా. ఇంజన్ తిరిగినంతసేపూ ఈ పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది. మావయ్య వెంటనే ఇంజన్ ఆపేయడం ఆ రోజు మేం చేసిన ఒకే ఒక్క మంచి పని.

మెకానిక్ పైపు ముక్క వంచి చూపించాడు. పెళుసుగా విరిగింది. "ఇది పెట్రోలు పైపు కాదు సార్, నీళ్లకేసే పైపు. ఎవరో వేశారు" అన్నాడు. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ 20 శాతం దాకా కలిసిన పెట్రోలు. ఇథనాల్‌కి పాతకాలం రబ్బరు తట్టుకోదు, దానికి తగిన పైపే వేయాలి. ఇంకోటి కూడా దొరికింది: మావయ్య సరదాగా పెట్టించిన ఫాగ్ లైట్లకి ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరు. అది ఇంకా అంటుకోలేదు, అంతే. మెకానిక్ ఏమీ అనకుండా దాన్ని కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. మీ ఇంట్లో పాత మారుతి 800 ఉన్నా, నాన్నగారి స్కూటరున్నా, పెట్రోలు వాసనొస్తే దాన్ని వయసు మీదకి తోసేయకండి. వయసుకి వాసనుండదు. ఎక్కడో కారుతోంది.

సామాను దింపడానికి డిక్కీ తీశాం. దుప్పట్ల కింద సిలిండర్. తీసి చూస్తే గేజ్ ముల్లు ఎర్ర గీతలో ఉంది. ఎప్పుడో గ్యాస్ పోయింది. అంటే నా కాళ్ల దగ్గరే ఉంచుకున్నా అది పనిచేసేది కాదు. ఇది తెలిసి నాకు కాస్త ఊరట కలిగిందని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అమ్మమ్మ దాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "ప్రతి ఒకటో తారీకూ ఈయన దీన్ని తలకిందులు చేసి అరచేత్తో తట్టేవారు" అంది. నేను అది కూడా చూశాను చిన్నప్పుడు, ఏదో చాదస్తం అనుకున్నాను. లోపలి పొడి అడుక్కి చేరి గడ్డ కట్టకుండా అలా కదిలించాలి, గేజ్ ముల్లు పచ్చలో ఉందో లేదో చూడాలి. మూడేళ్లుగా ఇంట్లో ఎవరం చూడలేదు. ఆయన ఫొటోకి మాత్రం దండ మారుస్తూనే ఉన్నాం.

ఇంటికెళ్లిపోదాం అన్నాడు మావయ్య. "పూలు చూడకుండానా?" అంది అమ్మమ్మ. బండిని మెకానిక్‌కి అప్పగించి, ఆమె రెండో చెప్పు వెతికిచ్చి, పైకి వెళ్తున్న బస్సెక్కాం. కండక్టర్ ముందు సీటు ఇప్పించాడు. డ్రైవరు సీటు పక్కన ఎర్ర సిలిండర్ క్లాంపులో బిగించి ఉంది. గాలికొండ దగ్గర బస్సులో సగం మంది కిటికీల్లోంచి ఫోన్లు బయటపెట్టారు, నేను ఆ సిలిండర్ గేజ్ చూస్తున్నాను. పచ్చలోనే ఉంది. లోయలో వలిసె చేలు పసుపు రాసినట్టున్నాయి. అమ్మమ్మ బస్టాండ్ దగ్గర ఆటో మాట్లాడించి, ఒక చేను గట్టు మీద గంటసేపు కూర్చుంది. పెద్దగా ఏమీ మాట్లాడలేదు.

కారు రెండు వారాలకి వచ్చింది. బానెట్ మీద రంగు పొక్కిన మచ్చ అలాగే ఉంచాం. పైపులు మార్పించాం, వెనక తలుపు బాగు చేయించాం. దానికి పట్టింది అరగంట. ఏబీసీ పొడి ఉన్న రెండు కిలోల సిలిండర్, ఐఎస్ఐ గుర్తు చూసి కొని, నా సీటు ముందు ఇనుప క్లాంపుతో బిగించాం. కూర్చునేవాళ్ల మోకాలికి తగులుతుంది. తగలనివ్వండి.

ఇప్పుడు ఒకటో తారీకు పొద్దున్నే ఫోన్ వస్తుంది. బాగున్నావా, తిన్నావా ఏమీ ఉండదు.

"తలకిందులు చేశావా?"

"చేశానమ్మమ్మా."

"తట్టావా?"