ముల్లు సగానికొచ్చింది

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వస్తుంటే చైతన్యపురి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది.
మెట్రో పిల్లర్ల మధ్య ఎటూ కదల్లేని వేడి. నా చూపంతా టెంపరేచర్ ముల్లు మీదే.

నాన్న పాత మారుతి 800 ఇది. 2014లో వీటి తయారీయే ఆగిపోయింది. మొన్ననే రేడియేటర్ శుభ్రం చేయించి కొత్త కూలెంట్ పోయించాం. ఇన్నేళ్లూ కింది గీత దగ్గరే ఉండే ముల్లు, ఇప్పుడు సగానికొచ్చి నిలబడింది.
గుండె జారింది.

మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశా.
"అన్నా, గిప్పుడే బండి సక్కగున్నది. ఇన్ని దినాలు దాంట్ల థర్మోస్టాటే లేకుండె. ఎవలో పీకేసిన్రు. కొత్తది ఏసిన."

ఎండాకాలం బండి కాగుతోందంటే ఈ థర్మోస్టాట్ వాల్వ్ పీకేయడం మన దగ్గర పాత అలవాటే. 80 డిగ్రీలు దాటాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలేది అదే. లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది.

అంటే నాన్న ఇన్నేళ్లూ "మన బండి చల్లగా నడుస్తుంది" అని మురిసిపోయింది ఆ లోపాన్ని చూసే! పాపం, ఇంటికొచ్చి చెబితే చాలాసేపు నమ్మలేదు. నాకూ ఎందుకో మనసు చివుక్కుమంది.

ముల్లు సగం దాటి పైకి పాకితే మాత్రం వెంటనే బండి ఆపండి. కూలెంట్ నింపేటప్పుడు గాలి చిక్కుకుని ఉండొచ్చు, ఫ్యాన్ తిరగకపోవచ్చు. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయకండి.

పాత బండ్లున్నవాళ్లూ, సర్వీసింగ్ తర్వాత మీ ముల్లు ఎక్కడ నిలబడింది?