కల్లు కుండ పక్కన యవనుడు

12 జనవరి 2025, ఆదివారం, నల్లగొండ

మధ్యాహ్నం అన్నం తిని లేస్తుంటే చిన్నోడు వీడియో కాల్ చేసిండు. జర్మనీ నుంచి నాలుగు రోజులు ఏథెన్స్ పోయిండట. అక్కడి జాతీయ పురావస్తు మ్యూజియంలో నిలబడి ఫోన్ గిర్రున తిప్పుతుంటే నాకు ఇక్కడ కండ్లు తిరిగినయి. ఒక బంగారు ముసుగు ముందు ఆగి "అమ్మా, అగమెమ్నన్‌ది. నువ్వు పిల్లలకు చెప్తవు గద" అన్నడు. 1876లో ష్లీమన్ మైసీనీలో తవ్వి తీసిన ముసుగు అది. అగమెమ్నన్ కాలం అనుకునేదానికన్నా మూడొందల ఏండ్లు పాతదని తర్వాతివాళ్లు తేల్చిన్రు గానీ, ఒకసారి పడ్డ పేరు ఊడదు.

ఆ తర్వాత నిలువెత్తు కంచు దేవుడు, రెండు చేతులు చాపి ఏదో విసరబోతున్నడు. జ్యూసో పొసైడనో ఇప్పటికీ తగువే. పిడుగు పట్టిండంటే జ్యూస్, త్రిశూలం పట్టిండంటే పొసైడన్. పట్టినదేదో సముద్రంలనే పోయింది. ఆయన చెయ్యి ఒకటి 1926లో పైకొస్తే, మిగతా ఒళ్లు 1928లో దొరికింది. వెనకనుంచి తొంగి చూసిన అత్తమ్మ "బట్టల్లేకుంట నిలబెట్టిన్రేందే" అని ఫోన్ దిక్కు కొంగు అడ్డం పెట్టుకున్నది.

1926 అనంగనే నాకు వేరే సంగతి యాదికొచ్చింది. ఆ ఏడే సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు కృష్ణ ఒడ్డున ఓ పాత స్తంభాన్ని చూసి మద్రాసు సర్కారుకు తెలియజేసిండు. శాసనాల శాఖ నుంచి సరస్వతిగారు వచ్చి చూసిన్రు. నాగార్జునకొండ అట్ల బయటపడ్డది. పంతుళ్లంటే ఇప్పుడు ఓటర్ల జాబితాలకు తిరిగేవాళ్లం గానీ, ఒకప్పుడు ఒక రాయిని చూసి ఆగిపోయే తీరిక ఉండేది.

"మాకూ ఉన్నడు లేరా గ్రీకోడు, వెతికి చూపిస్త" అని పిల్లగానితో అనేసిన. సంక్రాంతి సెలవులున్నయి. చూడాలె.

13 జనవరి, సోమవారం, భోగి

సాయంత్రం పానగల్లు పోయొచ్చిన. పచ్చల సోమేశ్వరాలయం పక్కన మ్యూజియం. కాకతీయుల, కందూరు చోడుల నాటి శిల్పాలు బాగుంటయి గానీ నా పని అక్కడ లేదు. గ్రీకు వాసన ఎక్కడా తగల్లేదు. బయటికొచ్చి ఉదయసముద్రం కట్ట మీద కాసేపు కూసున్న. గాలిపటాలు ఎగరేసే పిల్లల లొల్లి.

రాత్రి పరమేశ్వరీలాల్ గుప్తా పుస్తకం తీసిన. మన దగ్గర దొరికిన రోమన్ నాణేల మీద 1965లో వేసింది. మా జిల్లా అక్కెనపల్లిలో ఒక్క కుప్పలో దొరికిన వెండి నాణేలు 1,531! ఎక్కువభాగం ఆగస్టస్, టైబీరియస్ కాలానివి. గ్రీకు వేరు, రోము వేరు అని చిన్నోడు నాకు పాఠం చెప్తడని తెలుసు. కానీ మనవాళ్లు ఇద్దరినీ యవనులనే అన్నరు. ఐయోనియా అన్న గ్రీకు నేల పేరు పర్షియావాళ్ల నోట్లె 'యౌన' అయి, మన దగ్గర యవన, ప్రాకృతంలో యోన అయింది. సముద్రం మీదికి వచ్చేది రోము సొమ్మే అయినా, ఓడల మీద ఈజిప్టు రేవుల నుంచి వచ్చే వర్తకులు మాట్లాడుకున్నది ఎక్కువగా గ్రీకే. మన తీరాన్ని 'మసాలియా' అని, అక్కడ బట్ట బాగా నేస్తరని రాసుకున్న ఓడవర్తకుల పుస్తకం పెరిప్లస్ కూడా గ్రీకులనే ఉన్నది. భూగోళం రాసిన టాలెమీ అయితే కృష్ణను 'మైసోలోస్' అన్నడు.

ఈ నాణేల్లో నాకు నచ్చేది వాటి మీది చక్రవర్తి ముఖం కాదు. ఉలితో కొట్టిన గాట్లు. వచ్చిన వెండి నిఖార్సయిందా, లోపల రాగి పెట్టి పైన పూత పూసిందా అని ఎవరో కోసి చూసిన్రు. ఆగస్టస్ చెంప మీద గాటు! రోములో ఆ పని చేస్తే ఏమైతుండెనో. ఇక్కడ మాత్రం ఎవరి బొమ్మయినా వెండి వెండే, తూకం తూకమే. మొన్న కూరగాయల అంగట్ల ఒకామె నా ఐదొందల నోటును ఎండకు పెట్టి చూసింది. నాకు కోపమొచ్చింది. ఇయ్యాల పోయింది.

16 జనవరి, గురువారం, రాత్రి

నాగార్జునసాగర్ పోయొచ్చినం. ఒళ్లు నొప్పులు. అయినా రాయకుంటే రేపటికి సగం పోతది.

అత్తమ్మ వస్తనన్నది. ఏలేశ్వరం దిక్కు ఊరు ఆమెది, డ్యాం నీళ్లల్ల మునిగింది. ఇల్లు విప్పి దూలాలు, తలుపులు బండ్ల మీద ఏసుకొని వచ్చేనాటికి ఆమెకు పదిహేనేండ్లట. "మీ రాళ్లు మీరు చూడున్రి, నేను నీళ్లు చూస్త" అన్నది బస్సెక్కంగనే.

గాలి ఎక్కువుందని నాగార్జునకొండకు పోయే లాంచీ గంట ఆలస్యం. ఎక్కినంక అత్తమ్మ ఒక పక్క కమ్మీ పట్టుకొని కూసున్నది, మాట లేదు. ఒకచోట మాత్రం చెయ్యెత్తి ఉత్తరం ఒడ్డు దిక్కు చూపించి "గా గుట్ట వెనకాల" అన్నది. నాకైతే నీళ్లే కనపడ్డయి. ఇప్పుడు కొండ ఆంధ్రలో, మేం తెలంగాణలో. నీళ్ల లెక్క ఇద్దరం కొట్లాడుకుంటున్నం. ఆమెకు ఆ లెక్కలేం పట్టలేదు.

నెహ్రూ 1955 డిసెంబర్ 10న డ్యాంకు పునాదిరాయి వేసిండు. దానికి ముందే, 1954లో, లోయల తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి బృందం దొరికింది దొరికినట్టు పైకెత్తింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అంతా అడుగున ఉండిపోయింది. ఎత్తగలిగింది కొండ మీదికొచ్చి, 1966లో మ్యూజియం అయింది. ఏథెన్స్ దేవుడు నీళ్లలోంచి పైకొచ్చిండు, మన ఊరు నీళ్లల్లకు పోయింది.

లోపల బుద్ధుని జాతక కథలు, ఆయక స్తంభాలు. లేత ఆకుపచ్చ కలిసిన సున్నపురాయి, దీపం వెలుగుకు మైనం లెక్క మెరుస్తది. నేను వెతికినాయన ఒక స్తంభం మీద ఉన్నడు. నడుం పైన బట్ట లేదు. పల్చటి గడ్డం. ఒక చేతిలో కొమ్ము, కాలి పక్కన కుండ. పుస్తకాల్లో డయొనైసస్ అంటరు, గ్రీకుల ద్రాక్షసారా దేవుడు. ఆ కొమ్మును వాళ్లు రైటన్ అంటరు. పైనుంచి పోస్తే కింది కొస బెజ్జంలోంచి సన్నటి ధార వస్తది, నోరు పట్టి తాగాలె.

అత్తమ్మను పిలిచి చూపించిన. ఆమె కండ్లద్దాలు సర్దుకొని దగ్గరికి పోయి, కొమ్మునూ కుండనూ మార్చి మార్చి చూసింది.

"గీయన కల్లు తాగుతున్నడు గదనే."

"కల్లు కాదత్తమ్మా, ద్రాక్షసారా. వేరే దేశపు దేవుడు."

"ఏ దేశపోడైతేంది, నిలబడ్డ తీరు చూడు. రెండో లొట్టికి వచ్చిండు."

పక్కన నిలబడ్డ కాపలాయన కూడా నవ్విండు. నేనూ మళ్లీ చూసిన. నిజమే. భుజం కొద్దిగా జారింది, ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. ఇరవై ఏండ్ల నుంచి ఈ బొమ్మ గురించి చదువుతున్న, 'యవన ప్రభావం' అని బోర్డు మీద రాయించిన, కానీ ఆయన మత్తులో ఉన్నడని నాకు తోచలేదు. చెక్కినాయనకు ఆ దేవుని కథ తెలుసో లేదో గానీ, తాగినోని నడుం మాత్రం తెలుసు.

ఇంకో స్తంభం మీద సిపాయి. నిండు చేతుల అంగీ, పైజామా, తలకు టోపీ, చేతిల బల్లెం. శకుడంటరు. అత్తమ్మ "చలిదేశపోడు, ఈ ఎండకెట్ల ఓర్చుకున్నడో" అని జాలిపడ్డది. మామూలు జనం ఒంటి మీద అంత బట్ట లేని శిల్పాల నడుమ అంగీతొడిగిన ఇతను ఊరికి కొత్తగా దిగిన పోలీసు లెక్క ఉన్నడు.

ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఉన్నది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ దేశాల వరసలో యవనుల పేరూ ఉంటది, సింహళ ఆచార్యులు ధర్మం చెప్పిన దేశాలని. ఒక గృహిణి తన గుడి కట్టించుకుంట ఇంత లోకం పేర్లు చెక్కించింది. నేను మా ఇంటి గృహప్రవేశం కార్డుల మా రెండు కుటుంబాల పేర్లే వేయించిన.

తిరిగొచ్చేటప్పుడు అనుపు కూడా చూసినం. నాలుగు దిక్కులా మెట్లున్న ఆట మైదానం, లోయల నుంచి తెచ్చి మళ్లీ పేర్చింది. "గ్రీకు తరహా" అని గైడ్ చెప్పి నడుమ నిలబడి చప్పట్లు కొట్టిండు. మంచిగనే వినపడ్డది. అయితే నాకు నమ్మబుద్ధి కాలేదు. గ్రీకుల రంగస్థలం అర్ధచంద్రాకారం, కొండవాలుకు ఆనించి ఉంటది. ఇది చదరం. నీళ్లు నింపితే మన కోనేరే. మెట్లు కట్టే చెయ్యి ఇక్కడిదే అనిపించింది, ఆటలు చూసే సరదా ఎక్కడి నుంచి వచ్చినా. గైడ్‌తో అనలేదు. మంచి పిల్లగాడు, చెమటలు కక్కుతున్నడు.

18 జనవరి, శనివారం, మహబూబ్‌నగర్

చెల్లె ఇంట్ల ఉన్నం. పిల్లలమర్రి మ్యూజియం చూసినం. ఇక్కడా రాతి గొడ్డళ్లు, దేవతలు తప్ప గ్రీకోడు లేడు. శ్రీశైలం ముంపులోంచి ఎత్తి తెచ్చి నిలబెట్టిన రాజరాజేశ్వరాలయం ముందు అత్తమ్మ చాలాసేపు నిలబడ్డది. "లోపల దేవునికి దీపం పెడుతున్నరా" అని అడిగింది. మర్రిచెట్టుకు చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి చెల్లె చెప్తుంటే నవ్వింది. "గుడిని ఎత్తిన్రు, చెట్టుకు సూదేసిన్రు. మంచిదే."

ఒకప్పుడు ఈ జిల్లాలనే ఉన్న వీపనగండ్లలో రోమన్ బంగారు నాణేలు దొరికినయని చెల్లెకు చెప్పిన. దక్షిణాన దొరికిన ఆ బంగారు నాణేలకు చానా వాటికి బెజ్జాలుంటయి. చక్రవర్తి తలకు పైన రెండు పక్కపక్కనే, దండకు గుచ్చితే తల నిలువుగా ఉండేటట్టు. రోమునుంచి బంగారమంతా భారతదేశానికి పోతున్నదని రోము రచయిత ప్లీనీ ఏడ్చిండు, ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లని లెక్క కట్టి మరీ. పోయిన బంగారంలో కొంత ఎవరో ఆడామె మెడల ఉండె.

రాత్రి అత్తమ్మ మెడలోంచి కాసుల పేరు తీసి నా చేతిల పెట్టింది. నాలుగింటి మీద చార్మినార్, మిగతా వాటి మీద తలకాయ.

"ఎవరత్తమ్మా ఈయన?"

"ఎవరో దొర. నాయన కొన్నడు."

"బెజ్జాలు కొట్టలేదు?"

"బెజ్జం కొడితే తూకం పోతది గద. కొక్కెం అతికించిన్రు." కాసేపటికి "ఒకదాని అంచు గీరిండు కంసలి, చూసుకుందువు" అన్నది. చూసిన. జార్జి రాజు మెడ దగ్గర వెంట్రుక మందం గీత.

ఫొటో తీసి చిన్నోనికి పంపిన. ఏథెన్స్ మ్యూజియం ఫొటోలు నలభై పంపినోడు, దీనికి ఒక్క బొటనవేలు గుర్తు పెట్టిండు.

23 జనవరి, గురువారం, నల్లగొండ

బడి. ఎనిమిదో తరగతికి యవనుల పాఠం కొంత నా సొంతంగా చెప్పి, స్తంభం మీది మనిషిని బొమ్మ గీయమన్న. ముప్పై బొమ్మల్లో ఎక్కువ అంగీ వేసుకున్న సిపాయిలు, అంగీ గీయడం తేలిక కాబట్టి. చివరి బెంచీ పిల్లగాడు మాత్రం డయొనైసస్‌ను ఎత్తుకున్నడు. కుండ దించకుండ తాటిచెట్టుకే కట్టిండు. కొమ్ము పెట్టాల్సిన చేతిలో తాటాకు రేక పెట్టి, కింద 'యవనుడు, నల్లగొండ' అని రాసిండు.

ఎర్ర పెన్ను తీసి తప్పని కొట్టబోయి ఆగిన. పదికి ఏడు వేసిన. కుండను కట్టిన మోకు ముడి ఎట్ల వేస్తరో సరిగ్గా గీసినందుకు ఇంకో అర.