నాన్న దగ్గరికి... ఎన్ని దినార్లు?

రాత్రి తొమ్మిదవుతుంది. మైపాడు దగ్గర ఆ చిన్న పల్లెలో సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినపడదు. వంటింటి గట్టుమీద చెంబుకు ఆనించిన ఫోను మోగుతుంది. 'ఏం తిన్నావు తల్లీ?' కువైట్ నుంచి నాన్న. అక్కడ సాయంత్రం ఆరున్నర. పాప కంచం పైకెత్తి చూపిస్తుంది. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండిపోయే మనిషి కన్నా ఆ ఫోన్‌లో మనిషే ఆ పిల్లకు బాగా తెలుసు.

'మమ్మల్నెప్పుడు తీసుకుపోతావు నాన్నా?'

ఆ ఒక్క ప్రశ్నకే ఆయన దగ్గర జవాబుండదు.

రొయ్యల గుంటల్లో వచ్చిన నష్టం తీర్చడానికి 2010లో విమానం ఎక్కాడాయన. చదివింది ఐటీఐ. అదృష్టం, దొరికింది షూన్ వీసా. అంటే కంపెనీ పని. కువైట్ వెళ్లినవాళ్లకు వీసా నంబర్లే జాతకాలు. పద్దెనిమిది అంటే కంపెనీ, ఇరవై అంటే ఇంటిపని, ఇరవై రెండు అంటే కుటుంబం. పద్దెనిమిది మీద ఉన్నవాడి జీతం ఒక గీత దాటితే, భార్యకూ పిల్లలకూ ఇరవై రెండు తెచ్చుకోవచ్చు. మరి ఇరవై మీద వెళ్లిన ఆడవాళ్లు? నెల్లూరు నుంచీ, కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇళ్లలో పనికి వెళ్లినవాళ్లు తమ పిల్లల్ని రప్పించుకునే దారే లేదు. పరాయి పిల్లలకు అన్నం తినిపిస్తారు. సొంత బిడ్డలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. వాళ్లతో పోలిస్తే తాను నయమేనని ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

2012లో పెళ్లి. 2014లో పాప. అప్పట్లో ఆ గీత 250 దినార్లు. ఆయన జీతం 220. ఓవర్‌టైమ్ కలిపితే మూడొందలు దాటేది కానీ, లెక్కలోకి వచ్చేది వర్క్ పర్మిట్ కాగితంలో రాసిన అంకె ఒక్కటే. గోడౌన్‌లో రెండు పనులు నెత్తినేసుకుని, 2016 వేసవికి ఆ కాగితంలో 260 రాయించుకున్నాడు.

ఇక్కడ ఆమె పరుగు మొదలైంది. అయిదొందల మందికి భోజనాలు పెట్టి చేసిన పెళ్లికి సాక్ష్యం కావాలన్నారు. రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లింది. సర్టిఫికెట్ వచ్చింది కానీ అందులో ఆమె ఇంటిపేరు పొడి అక్షరం. పాస్‌పోర్టులో పూర్తి పేరు. పాప జనన పత్రంలో ఇంకోరకం. మన ఇంటిపేర్లు మనకు ముద్దే... ముగ్గురిదీ ఒకే కుటుంబమని కాగితాలతో చెప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అన్నీ సరిచేయించాక మళ్లీ ముద్రలు. రాష్ట్రప్రభుత్వానిది ఒకటి, ఢిల్లీలో విదేశాంగశాఖది ఒకటి, ఆపైన కువైట్ రాయబార కార్యాలయానిది. అక్కడికి చేరాక అరబ్బీలోకి అనువాదం. ఏజెంటు ఖర్చులకు చేతి గాజులు రెండు బ్యాంకులో పెట్టింది.

కాగితాలు ఢిల్లీలో ఉండగానే కబురొచ్చింది. గీత 450 దినార్లకు పెరిగింది!

ఆ రాత్రి ఫోన్‌లో ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. 'సరేలే, కాగితాలు ఎక్కడికి పోతాయి' అన్నాడాయన. కాగితాలు ఎక్కడికీ పోలేదు. పాప మాత్రం ఒకటో తరగతికి వెళ్లింది.

ఆయన కంపెనీ మారాడు. సూపర్‌వైజరయ్యాడు. 2019 జూన్‌లో పర్మిట్ మీద 460 పడింది. సంబరపడి అత్తాకోడళ్లు కొత్త సూట్‌కేసు కూడా కొన్నారు. ఆగస్టులో గీత 500కి జరిగింది. అంటే అప్పటి లెక్కన లక్ష రూపాయల పైమాటే.

ఆ ఏడాది మొహర్రానికి ఆమె నెల్లూరు వెళ్లింది, బారాషహీద్ దర్గాకు. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునే పండుగ అది. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పడతారు. తీరాక మరుసటి ఏడు వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి రొట్టె వదులుతారు. ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె... ఈ కాలానికి తగ్గట్టు వీసా రొట్టె కూడా ఉంది. ఎవరో తెలియని ఒక ముసలామె చేతిలోంచి ఆమె దాన్ని అందుకుంది.

తర్వాత కరోనా. రెండేళ్లు లెక్కలోకే రావు. జీతం 520 అయిన 2022లో ఏకంగా కుటుంబ వీసాలే ఆపేశారు. 2024 జనవరి ఆఖరులో మళ్లీ తెరిచారు... 800 దినార్లు, పైగా డిగ్రీ ఉండాలి. రెండు లక్షల రూపాయల జీతం! ఆయన నవ్వేశాడట. అదే ఊళ్లోంచి అమెరికా వెళ్లిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు పెళ్లయిన మూడు నెలలకు భార్యను హెచ్-4 మీద తీసుకెళ్లాడు. ఆ అమ్మాయికి ఉద్యోగం చేసే వీల్లేదని వాళ్లింట్లో దిగులు. దిగుళ్లలోనూ తేడాలుంటాయి.

ఫిబ్రవరిలో మాత్రం ఒక చిన్న తలుపు తెరుచుకుంది. విజిట్ వీసా. అప్పట్లో 400 దినార్ల జీతం ఉంటే చాలన్నారు. ఒక్క నెల. పొడిగింపు లేదన్నారు, అకామాగా మార్చడమూ లేదన్నారు. తిరుగు టికెట్ ముందే తీసుకోవాలన్నారు.

'అత్తా, నువ్వొక్కదానివే ఎట్టుంటావు?' కోడలి బెంగ.

'నెల రోజులే గదమ్మే. పోయి రా పో. పద్నాలుగేళ్లు నేనుండలేదా వాడు లేకుండా?'

2024 ఏప్రిల్ చివర, బడి సెలవులివ్వగానే చెన్నైలో విమానమెక్కారు. కొత్త సూట్‌కేసు అప్పటికి అయిదేళ్ల పాతది. దాన్నిండా అప్పడాలు, ఊరగాయలు, మామిడికాయలు. ఫహాహీల్‌లో స్నేహితుడి ఫ్లాట్‌లో ఒక గది. మొదటి వారం పాప ఆయన్ని చూసి తలుపు వెనక్కి వెళ్లేది. ఎదురుగా ఉన్న నాన్నతో ఏం మాట్లాడాలో తెలీక, పక్కగదిలోంచి ఫోన్ చేసేది. ఆయన కూడా ఎత్తేవాడు. 'ఏం తిన్నావు తల్లీ?'

రెండోవారం ఒక శుక్రవారం తెల్లారుజామున ముగ్గురూ తీరానికి వెళ్లారు. అక్కడా సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, మైపాడులో లాగే. పాప ఆయన వేలు పట్టుకుంది. మధ్యాహ్నం ఆమె చేపల మార్కెట్ నుంచి తెచ్చినవాటితో మామిడికాయ వేసి పులుసు పెట్టింది. ఆయన రెండు పూటలా అదే తిన్నాడు.

ముప్పయ్యో రోజు ఎయిర్‌పోర్టులో పాప ఏడవలేదు. తొమ్మిదింటికి ఫోన్ చెయ్యమంది.

జులైలో డిగ్రీ షరతు ఎత్తేశారు. 800 అలాగే ఉంది. ఆ నెలలోనే మళ్లీ రొట్టెల పండుగ. ఆమెకో సందేహం. వీసా వచ్చింది కాబట్టి రొట్టె వదలాలా? నెలకే అయిపోయింది కాబట్టి మళ్లీ పట్టాలా? అత్తనడిగింది.

'రెండు చేసుకుపోమ్మే' అందామె, పొయ్యి మీద పెనం పెడుతూ.

స్వర్ణాల చెరువులో వీసా రొట్టె కోసం చెయ్యి చాచిన ఒక చిన్న వయసు అమ్మాయికి ఆమె ఒక రొట్టె ఇచ్చింది. కొంగు సర్దుకుని, ఆ పక్కనే తనూ చెయ్యి చాచి నిలబడింది.