గుంపులో మనిషికి ఒక ఫొటో

2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ పడేనాటికి హైదరాబాద్ కృష్ణానగర్‌లో నా గది అద్దె బాకీ ఉంది. సినిమాలకు స్టిల్ ఫొటోగ్రాఫర్‌ని. షూటింగ్ ఉంటే బత్తా, లేకపోతే లేదు. మొదట్లో చిరంజీవి గారు మొదలుపెట్టిన కరోనా క్రైసిస్ ఛారిటీ సరుకులతో గడిచింది. తర్వాత అమ్మ మందుల కోసం డిజిటల్ కెమెరా, లెన్సులు అమ్మేశాను. ఎవరూ కొననిది ఒకటే మిగిలింది. మూతబడ్డ ఆఫ్‌సెట్ ప్రెస్సులో తూకానికి కొన్న ప్రాసెస్ లెన్సు: రోడెన్‌స్టాక్ అపో-రోనార్, 480 మిల్లీమీటర్లు, ఎఫ్/9.

బోర్డుకు బిగించిన పేజీనో పోస్టర్ డిజైన్‌నో లిత్ ఫిల్మ్ మీదికి ఎక్కించడం ప్రెస్సులో దాని పని. మధ్యలో ఎంత పదునో నాలుగు మూలలా అంతే ఉండాలి. రంగులు విడదీసినప్పుడు ఎరుపు ఒక సైజులో, నీలం ఇంకో సైజులో పడకూడదు. కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు వచ్చే రోజులొచ్చాక ఈ లెన్సులు మూలపడ్డాయి. దీనికి షట్టర్ లేదు. మూత తీసి, సెకన్లు లెక్కపెట్టి, మూత పెట్టాలి. దాన్ని కెమెరాగా వాడేందుకు ప్లైవుడ్ పెట్టె, రెక్సిన్ బెల్లోస్ అంతకుముందే చేసి పెట్టుకున్నాను. మామూలు ఫిల్ముకు బదులు 8×10 అంగుళాల ఎక్స్-రే ఫిల్ము.

ఆ ఎండల్లోనే ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక జూనియర్ ఆర్టిస్టు పోయాడు. దండ వేయడానికి ఫొటో ఉందా అని వాళ్లబ్బాయి అడిగాడు. హార్డ్ డిస్కులన్నీ వెతికాను. పెళ్లి సీన్లో ఉన్నాడు, కోర్టు సీన్లో ఉన్నాడు, ఊరేగింపులో ఉన్నాడు. అన్నిటిలోనూ హీరో వెనక మసకగా. నేను తీసినవే అవన్నీ. చివరికి ఆధార్ కార్డులో బొమ్మనే పెద్దది చేసి దండ వేశారు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

మర్నాడు పెట్టె భుజాన వేసుకుని మా వీధి చివర పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. సినిమా పరిశ్రమతోపాటే మద్రాసు నుంచి వచ్చిన మనిషి, ఉబ్బసం ఉంది. ముఖం సగం సైజులో పడాలంటే ఈ లెన్సుకు బెల్లోస్ 72 సెంటీమీటర్లు చాపాలి. దాంతో వెలుతురు సగానికి పైగా పోతుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి ఎఫ్/11 పెట్టినా నాలుగు సెకన్లు పట్టింది. పదును నిలిచే లోతు రెండు సెంటీమీటర్లే. కన్ను దొరికితే చెవి దొరకదు. ఆమె ఊపిరి బిగబట్టలేకపోయేది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఒక షీటు పాడయ్యేది. చివరికి తల గోడకు ఆనించి, ఊపిరి వదిలిన క్షణంలో మూత తీశాను.

బాత్రూంలో ఎర్ర బల్బు కింద కడగడం ఇంకో నరకం. మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాగుతుండేవి. ఆ వేడికి ఎమల్షన్ మెత్తబడి గోరు తగిలినా గీత పడేది. పక్కింటి ఫ్రిజ్‌లో ఐసు అడిగి తెచ్చుకున్నాను. ఎక్స్-రే ఫిల్ముకు ఎరుపు కనబడదు కాబట్టి ఆమె కుంకుమ బొట్టు నల్లగా వచ్చింది. ముడతలన్నీ దక్కాయి, కనురెప్ప వెంట్రుకలతో సహా.

“మేకప్ లేకుండా నన్నెవరూ తీయలేదు నాయనా,” అంది ప్రింటు చూసి. ఇంకేమీ అనలేదు.

షూటింగులు మళ్లీ మొదలయ్యాయి. పనికి వెళుతున్నాను, సెలవు దొరికితే పెట్టె తీస్తున్నాను. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, కాస్ట్యూమ్ పనివాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. ఈ పనికి డబ్బు తీసుకోను.

మీ ఊళ్లో మూతబడ్డ ప్రెస్సులో ప్రాసెస్ కెమెరా ఉంటే పాత ఇనుము కింద తూకానికి వేయకండి. లెన్సు విప్పి గుడ్డలో చుట్టి ఉంచండి. ఫొటోలు తీసే కుర్రాళ్లెవరైనా అడిగితే ఇవ్వండి.