ఐదు వేలే కదా అనుకుంటే

జూలై నెలాఖరు వస్తోందంటే ఆఫీసుల్లో ఒక మాట వినిపిస్తుంది: ‘కుదరకపోతే ఐదు వేలు కట్టేద్దాం, ఏముంది?’ ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్న్ ఆలస్యమైతే కట్టాల్సిన రుసుము గురించి ఆ మాట. జరిగే నష్టంలో ఆ ఐదు వేలు చాలా చిన్న భాగమని నా లెక్కలూ, మా ఇంటివాళ్ల లెక్కలూ చూసుకున్నాక నాకు గట్టిగా తెలిసింది.

ముందు ఆ రుసుము సంగతి. దాన్ని తెచ్చిన 234ఎఫ్ సెక్షన్ 2017 బడ్జెట్‌తో వచ్చింది. అంతకుముందు జరిమానా వేయాలా వద్దా అన్నది అధికారి చేతిలో ఉండేది. ఇప్పుడు అలా కాదు, గడువు దాటితే రిటర్న్ వేసేటప్పుడే కట్టాలి. మొత్తం ఆదాయం 5 లక్షలు మించితే 5,000, మించకపోతే 1,000. పన్నంతా టీడీఎస్ రూపంలో ముందే కోసేసినా, పైగా మనకే రీఫండ్ రావాల్సి ఉన్నా ఇది తప్పదు. రిటర్న్ వేయాల్సిన అవసరమే లేనంత తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు మాత్రం వర్తించదు.

అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో మా బావమరిది విషయంలో చూశాను. బెంగళూరులో ఉద్యోగం, ఏడాదికి 11 లక్షల జీతం, సొంత ఫ్లాటు, దాని మీద లోను. 2023-24కు పాత విధానమే కావాలని ఆఫీసులో రాసిచ్చాడు. హోమ్‌లోను వడ్డీ 2 లక్షలు, 80సి కింద లక్షన్నర, తనకూ తల్లిదండ్రులకూ కలిపి ఆరోగ్య బీమా 60 వేలు. ఇవన్నీ తీసేస్తే పన్ను 42,120 రూపాయలు. ఆఫీసువాళ్లు సరిగ్గా అంతే కోశారు. ‘నా పన్నంతా కట్టేసినట్టే కదా బావా, రిటర్న్ తీరిగ్గా వేస్తాలే’ అన్నాడు. డిసెంబరులో వేయబోతే పాత విధానం ఎంచుకోవడానికే వీల్లేకపోయింది. ఆ ఏడాది నుంచి కొత్త విధానమే అందరికీ వర్తించే పద్ధతి అయింది. జీతగాళ్లు పాత విధానం కావాలనుకుంటే గడువులోపు వేసే రిటర్న్‌లోనే ఆ సంగతి చెప్పాలి. ఆఫీసులో ఇచ్చిన కాగితం టీడీఎస్ వరకే పనికొస్తుంది.

కొత్త విధానంలో అతని పన్ను 70,200 అయింది. అంటే అదనంగా 28,080. దాని మీద 234ఏ, బి, సి సెక్షన్ల కింద వడ్డీలు ఐదు వేలు దాటాయి. ఆ పైన ఐదు వేల రుసుము. అంతా కలిపి 38 వేల పైచిలుకు కట్టాడు. అతను దొంగలెక్క రాయలేదు, ఆదాయం దాచలేదు. లోను వడ్డీ నిజం, బీమా ప్రీమియం నిజం. తేదీ ఒక్కటే దాటింది. నిజాయితీగా పన్ను కట్టే మనిషికి ఇంత శిక్ష న్యాయం కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ చట్టం ఉన్నంతకాలం మన జాగ్రత్తలో మనం ఉండాల్సిందే.

నా మటుకు నాకు గడువు విలువ షేర్ల నష్టంతో తెలిసింది. 2022లో ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కు డబ్బు కావాల్సి వచ్చింది. పర్సనల్ లోను జోలికి పోకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. మార్కెట్ పడిపోయి ఉన్నా సరే, ఏడాది కూడా నిండని షేర్లు అమ్మేశాను. 90 వేలు నష్టం వచ్చింది. ఆ నష్టాన్ని చూపిస్తూ 2023 జూలైలోనే రిటర్న్ వేశాను. షేర్ల మీద నష్టాన్ని ఎనిమిదేళ్లపాటు ముందుకు తీసుకెళ్లొచ్చు, అయితే నష్టం వచ్చిన ఏడాది రిటర్న్ గడువులోపే పడి ఉండాలి. 2024 చివర్లో కొన్ని షేర్లు లాభానికి అమ్మినప్పుడు ఆ పాత నష్టం అందులోంచి తీసేశాను. స్వల్పకాలిక లాభం మీద పన్ను అప్పటికి 20 శాతానికి పెరిగి ఉంది. సెస్సుతో కలిపి 18,720 రూపాయలు నా దగ్గరే ఉండిపోయాయి. నష్టం వచ్చిన ఏడాది చాలామందికి రిటర్న్ వైపు చూడాలనిపించదు. కానీ గడువు మరీ ముఖ్యమైన ఏడాది అదే.

వడ్డీ గురించి ఒక మాట. రిటర్న్ ఆలస్యమైతే బాకీ ఉన్న పన్ను మీద 234ఏ కింద నెలకు 1 శాతం పడుతుంది. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క. అయితే రిటర్న్ ఆలస్యమైనా పన్ను మాత్రం గడువులోపు కట్టేసి ఉంటే, ఆ కట్టిన మొత్తం మీద ఈ వడ్డీ వేయకూడదని ప్రణయ్ రాయ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో పన్నుల బోర్డు సర్క్యులర్ ద్వారా దాన్ని ఒప్పుకుంది. అందుకే బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ మీద నేను ఇంకా కట్టాల్సింది ఉంటే జూన్‌లోనే చలానా కట్టేస్తాను. రిటర్న్ గడువు దాటి వారం తర్వాత వేసినా ఈ 234ఏ వడ్డీ భయం ఉండదు.

ఫారం 16 రాలేదని ఆగిపోయేవాళ్లు చాలామంది. ఒక ఏడాది మా ఆవిడ ఆఫీసు నుంచి జూలై మూడోవారం దాకా అది రాలేదు. మేం ఎదురుచూడలేదు. జీతం స్లిప్పులు, 26ఏఎస్, ఏఐఎస్ ముందు పెట్టుకుని పోల్చి చూసి వేసేశాం. రిటర్న్ వేయడానికి ఫారం 16 తప్పనిసరి కాదు. తర్వాత తేడా కనిపిస్తే సవరించిన రిటర్న్ వేసుకోవచ్చు.

గడువు పొడిగిస్తారులే అన్న ఆశ ఇంకొకటి. 2025లో సెప్టెంబరు 16 దాకా పొడిగించిన మాట నిజమే. 2022, 2023, 2024లలో మాత్రం జూలై 31 జూలై 31గానే ఉండిపోయింది. ఆలస్యపు రిటర్న్‌కు ఉన్న తేదీ కూడా దాటాక మిగిలేది అప్‌డేటెడ్ రిటర్న్. అందులో రీఫండ్ అడగలేం, నష్టం చూపలేం. పైగా ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువగా, బాకీ మీద 25 నుంచి 70 శాతం దాకా అదనపు పన్ను.

మీకు హోమ్‌లోను ఉండి పాత విధానంలో ఉన్నా, ఈ ఏడాది షేర్లలో పోగొట్టుకున్నా, దయచేసి జూన్ నెలలోనే కాగితాలు ముందేసుకుని కూర్చోండి. వేశాక 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో ఇ-వెరిఫై కూడా చేయండి. అది చేయని రిటర్న్ చెల్లదు.