కొలతలోకి రాని చేతులు

మా అనంతపురం పల్లెల్లో ఆడవాళ్లు రొమ్ములో గడ్డ తగిలితే ముందు దాచుకుంటారు. శనక్కాయలు ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకుంటారు. వాన రాదు, పంట రాదు, గడ్డ మాత్రం పెరుగుతుంది. చివరికి కర్నూలుకో, బెంగళూరు కిద్వాయికో బస్సెక్కుతారు. ఆ దేహాల గురించి మనం కొంతైనా రాసుకున్నాం. వాళ్లకు ఆపరేషన్ జరిగే గదిలో నిలబడే ఆడవాళ్ల దేహాల గురించి రాసుకున్నది తక్కువ.

నేను థియేటర్ నర్సుని. క్యాన్సర్ చంక గ్రంథులకు పాకిందో లేదో తెలుసుకోడానికి టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని రొమ్ములోకి ఎక్కిస్తారు. అది ముందుగా చేరిన గ్రంథుల్ని ప్రోబ్ కూతపెట్టి పట్టిస్తుంది. వాటిలో క్యాన్సర్ లేకపోతే చంకంతా ఖాళీ చేయనక్కర్లేదు, చెయ్యి వాచే ముప్పు తగ్గుతుంది. స్త్రీలకిది నిజమైన మేలు. సిబ్బందికి సోకే మోతాదు కూడా చాలా తక్కువ.

దాని తీవ్రత 6 గంటలకోసారి సగమవుతుంది. ఒక రోజుకి పదహారో వంతు, 60 గంటలకి దాదాపు వెయ్యో వంతు. అందుకే రక్తపు గాజుగుడ్డల్ని కొన్నాళ్లు విడిగా ఉంచి పారేస్తారు.

"సిస్టరక్కా, నాకు మూడో నెల. ఈ సంచి ముట్టుకోవచ్చునా?" అని ఒక ఆయా అడిగింది. కాంట్రాక్టు మనిషి. ఆమెకెవరూ ఏమీ చెప్పలేదు. లెక్క చెప్పాను. "ఎండాకాలం చెరువు మాదిరి ఇంకిపోతాదన్నమాట" అంది. అర్థం కాదని మనం అనుకున్నది ఆమెకి ఒక్క మాటలో అర్థమైంది.

అదే థియేటర్లో ఎక్స్‌రే సి-ఆర్మ్ వాడే రోజుల్లో మోతాదు ఇంకా ఎక్కువ. సీసం ఏప్రాన్లు చాలావరకు మగవాళ్ల కొలతలకి కుట్టినవి. చంక దగ్గర వదులుగా ఉండి, రొమ్ము పైభాగాన్ని బయటే వదిలేస్తాయి. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం రేడియేషన్ కార్మికురాలు గర్భం సంగతి తెలియజేశాక పిండానికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. మంచి నిబంధనే. కానీ ఆ ఆయాకి మోతాదు కొలిచే బ్యాడ్జీ లేదు, కార్మికురాలిగా లెక్కలో లేదు. గర్భమని చెబితే మర్నాడు పని ఉంటుందో లేదో తెలియదు.

చిన్న సైజు ఏప్రాన్, అందరికీ బ్యాడ్జీ, తెలుగులో వివరణ కావాలి. అన్నిటికంటే ముందు, కడుపుతో ఉన్నానని చెప్పిన ఆయా పని పోదనే రాతపూర్వక హామీ కావాలి. అది లేనిచోట ఆమె నోరు విప్పదు. విప్పకపోతే ఏ నిబంధనా ఆమెదాకా రాదు.