బడికెళ్లని పిల్లకి గైడెందుకు?

తెలుగునాట 'గైడు' అంటే ఒకటే అర్థం. పరీక్షకి వారం ముందు కొనేది. జవాబులన్నీ ముందే అచ్చేసి ఉండేది. అందుకే శ్రీకూర్మంలో ఓ ఇంటి కోడలు, పదకొండేళ్ల కూతుర్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తూ, కథల పుస్తకాలకి గైడు కావాలని శ్రీకాకుళం కొట్లన్నీ తిరిగొస్తే అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. 'బడికెల్లని పిల్లకి గైడేటమ్మా?' అని.

న్యాయమైన ప్రశ్నే. పరీక్షల సంగతంటారా, జాతీయ ఓపెన్ స్కూలు వాళ్లు 3, 5, 8 తరగతుల స్థాయిలో పెడుతూనే ఉన్నారు. తొందరేం లేదు. ఆ తల్లి బాధ వేరు. పిల్ల కథ చదువుతుంది, 'బాగుంది' అంటుంది, పుస్తకం మూసేస్తుంది. ఆ తర్వాత ఏం మాట్లాడాలి? బడిలో అయితే నలభై మంది. ఒకరు ఔనంటే మరొకరు కాదంటారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, అందులో ఒకరు అమ్మ. అమ్మ మాటని కాదనడం ఆ వయసుకి అంత తేలికా?

కొట్లో దొరికినవన్నీ ఒకే బాపతు. రచయిత ఎవరు, ఖాళీలు పూరించండి, కథలోని నీతి ఏమిటి... చివరి పేజీల్లో జవాబులు. ముప్ఫై ప్రశ్నలున్నాయని మురిసిపోనక్కర్లేదు. కథ చదవకుండా కూడా జవాబు రాసేయగలిగితే ఆ ప్రశ్న దండగ.

ఇంటర్నెట్లో దించుకున్న ఇంగ్లీషు గైడ్లు కొన్ని నయం. అమెరికాలో 1947లో పుట్టిన గ్రేట్ బుక్స్ ఫౌండేషన్ వాళ్ల పద్ధతి మరీ నచ్చింది. అడిగేవాళ్లకే జవాబు కచ్చితంగా తెలియని ప్రశ్న అడగాలంటారు వాళ్లు. తెలిసిన జవాబు రాబట్టడానికి అడిగితే అది చర్చ కాదు, పరీక్ష. మాట బంగారం. కానీ ఆ కథల నిండా మంచు, పొగగొట్టాలు! పేరాకి నాలుగు మాటలకి అర్థం చెప్పేసరికే పొద్దుగూకేది.

చిత్రం ఏమిటంటే మద్రాసులో చందమామ మొదలైందీ 1947లోనే. ఆ పత్రికలో ఏళ్ల తరబడి బేతాళుడు చేసిన పనీ ఇదేగా! కథ చెప్పి, ఇంతకీ తప్పెవరిదని నిలదీస్తాడు. విక్రమార్కుడు వెంటనే జవాబు చెప్పేయడమే చిక్కు. ఇంట్లో పాత సంచికలుంటే మీరూ చేసి చూడండి, ఆ జవాబు మీద ఓ కాగితం ముక్క అంటించండి. ఈ తల్లి అదే చేసింది. పిల్ల చాలాసార్లు రాజుగారి తీర్పు చెల్లదనేసింది!

నిజానికి ఆ ఊళ్లో పెరిగే పిల్లలకి ప్రశ్నలకేం కొదవ? తాబేలు రూపంలో కొలువైన దేవుడు, పడమటి ముఖం, రెండు ధ్వజస్తంభాలు, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. ఎందుకని అడిగితే పెద్దలు స్థలపురాణం చెబుతారు. కథ కంచికి. వినడానికి బాగుంటుంది గానీ అదీ ఓ రకం గైడే.

అసలు చిక్కు చాసో దగ్గర వచ్చింది. లెక్కల మాస్టారు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయానికి వెళ్లినప్పుడు ఆ తల్లికి ఓ కథ గుర్తొచ్చింది, 'ఎందుకు పారేస్తాను నాన్నా'. రాసిన చాగంటి సోమయాజులు 1915లో శ్రీకాకుళంలోనే పుట్టి, విజయనగరంలో స్థిరపడ్డవాడు. డబ్బుల్లేక తండ్రి చదువు మాన్పించిన కుర్రాడు, ఆ తండ్రికి చుట్టలు తేవడానికి బడి మీదుగా వెళ్లాల్సి వస్తుంది. అంతకంటే చెప్పకూడదు, చదవాల్సిందే.

తల్లి ఐదు ప్రశ్నలు రాసిపెట్టుకుంది. ఆ తండ్రి చెడ్డవాడా? బడి దగ్గరికొచ్చేసరికి వాడికి కాళ్లెందుకు ఆడలేదు? అలాంటివి. ఒక్కటీ అడగలేదు. చదవడం అవ్వగానే పిల్లే అడిగింది: 'వాడికి డబ్బుల్లేక మాన్పించారు. నన్నెందుకు మాన్పించారమ్మా?'

కారణం లేక కాదు. పట్నం బడిలో రెండేళ్లు పొద్దున్నే కడుపునొప్పి, రాత్రి పదిదాకా హోంవర్కు. అయినా మాన్పించేటప్పుడు పిల్లని ఎవరూ అడగలేదు. 'నువ్వేమనుకుంటున్నావ్?' అని ఎదురడిగి తప్పించుకోవచ్చు. గైడ్లు అదే నేర్పుతాయి కూడా. తల్లి అలా చేయలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్ల విని, 'కడుపునొప్పి లెక్కల పీరియడుకే వచ్చేది. ఆటల పీరియడుకి రాలేదు కదా' అంది. ఆ రాత్రి అన్నాలు తొమ్మిదిన్నరకి తిన్నారు.

ఇప్పుడు ఆ ఇంటి అరుగు మీద శనివారం సాయంత్రాలు వీధి పిల్లలు నలుగురైదుగురు చేరుతున్నారు. అందరూ బడికెళ్లేవాళ్లే. కాదనేవాళ్లు కావాలని తల్లే పిలిచింది. గైడు కొనడం మానేసి, కథకి మూడు ప్రశ్నలు పిల్లలే రాసుకొస్తున్నారు. వచ్చేవారం 'రైలుబడి' మొదలుపెడతారట. జపాన్ పిల్ల టోటోచాన్‌ని మొదటి బడి వాళ్లు ఒకటో తరగతిలోనే పంపించేశారు మరి. అరుగు మీద రెండు వారాలైనా తగువు తెగేలా లేదు.